ఇష్టాగోష్ఠి: రచయితతోను, చలనచిత్ర దర్శకునితోను ముఖాముఖి

సభ యనగానే మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల విద్యార్థుల మనస్సులలో మెదలు దృశ్య మొక్కటియే. వేదికపై ఏడెనిమిది కుర్చీలు, పూలదండలు, శాలువలు. ప్రార్థనాగీతము, స్వాగతవచనము, అధ్యక్షోపన్యాసము, అతిథి పరిచయము. ముఖ్యాతిథి నోరు తెరచు సమయమునకు వెనుక వరుసలలోని పిల్లలు కునుకుపాట్లు పడుచుందురు. ఆయన పది నిమిషములు మాటలాడి, బస్సు వేళ మించిపోవుచున్నదని లేచును. వందన సమర్పణముతో సభ ముగియును. ఇట్టి సభలయందు శ్రోతలకు అప్పగింపబడిన పని కరతాళధ్వను లొనర్చుట మాత్రమే.

ఈ వ్యాసమున వివరింపబోవునది వేరొక తీరు సభ. దీనికి మన పెద్దలు పెట్టిన చక్కని పేరు ఇష్టాగోష్ఠి. ఇందు సన్మానము లేదు. ఒక రచయితయో, ఒక చలనచిత్ర దర్శకుడో వచ్చి కూర్చుండును. ఆయన గ్రంథమును చదివినవారు, లేక చిత్రమును చూచినవారు ఒకరు ఎదుట కూర్చుండి, అర్ధగంట లేక ముప్పాతిక గంట ఆయనతో సంభాషింతురు. పిమ్మట ప్రశ్నించు అధికారము సభికులది. ముందు వరుసలోని న్యాయవాదికి ఎంత అధికారమో, జంపఖానాపై కూర్చున్న తొమ్మిదవ తరగతి బాలికకును అంతే అధికారము. ఈ రెండవ భాగమే ఇష్టాగోష్ఠికి ప్రాణము. మొదటి భాగము దానికి ఉపోద్ఘాతము వంటిది.

ఇట్టి గోష్ఠులకు నెలవైన స్థలములు నేడు పలు నగరములలో నున్నవి. తెలుగు దేశమున మిక్కిలి పేరు వినబడునది హైదరాబాదు బంజారా హిల్సులోని లామకాన్. ఈ ఉర్దూ మాటకు నిర్దిష్టమైన నెలవు లేనిది అని స్థూలముగా అర్థము. అది ఒకప్పుడు నివాసగృహము. ఛాయాచిత్రకారుడును, డాక్యుమెంటరీ చిత్రముల నిర్మాతయు నగు మొయీద్ హసన్ అందు నివసించెను. ఆయన గతించిన పిదప కుటుంబమువారును, మిత్రులును ఆ యింటిని అమ్ముకొనక, అద్దెకీయక, 2010లో సాంస్కృతిక కార్యక్రమముల కొరకు ప్రజలకు తెరచిరి. పెరటిలో చెట్టునీడ, బండరాళ్ల నడుమ ఆరుబయలు వేదిక, ఒక ప్రక్క చాయయు సమోసాయు దొరకు చిన్న ఫలహారశాల, ఇదియే దాని వైభవము. అక్కడ ఒకనాడు నాటకము, మరునాడు కవితాపఠనము, ఇంకొకనాడు చిన్న చిత్రమొకటి ప్రదర్శించి దాని దర్శకునితో చర్చ. తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లము అన్నియు వినబడును. గొప్ప భవనము లేకున్నను గోష్ఠి జరుగునని చూపుటకే ఈ దృష్టాంతమును చెప్పితిని. వేయి కుర్చీల కల్యాణ మంటపములు మన హోసూరులో కొదువ లేదు. కొదువ యున్నది ప్రశ్న అడుగనిచ్చు సభలకు.

ఇది పరదేశపు అలవాటని యెవరైన తలచినచో పొరపాటు. మన అవధానము ఏమి? అష్టావధానమున కవి యొకడు, పృచ్ఛకులు ఎనిమిదిమంది. పృచ్ఛకుడనగా ప్రశ్నించువాడని యర్థము. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు దత్తపది నిత్తురు. ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుదురు. అప్రస్తుత ప్రసంగియను నొక పెద్దమనిషి మాత్రము అవధాని ఏకాగ్రతను చెరచుటకే నియోగింపబడి, సందర్భశుద్ధి లేని ప్రశ్నలు వేయుచుండును. (నేటి సభలలో ఈ పాత్రను ఎవరును నియోగింపకయే పలువురు పోషించుట కలదు.) తిరుపతి వేంకటకవులు ఊరూర అవధానములు చేసిన కాలమున, అక్షరము రాని రైతు కూడ కవిని ప్రశ్నించు దృశ్యమును ప్రత్యక్షముగా చూచి ఆనందించెను. కవి ప్రశ్నలకు లోబడినవాడు అను భావము మనకు కొత్తది కాదు.

అట్లే గ్రంథాలయోద్యమము. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914లో అచటనే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినది. 1918లో చీరాల సమీపమున వేటపాలెము అను చేనేతవారి గ్రామమున సారస్వత నికేతనము స్థాపింపబడినది. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. ఆనాటి గ్రంథాలయములు పుస్తకముల బీరువాలు మాత్రమే కావు. సాయంకాలము పత్రికను బిగ్గరగా చదివి వినిపించుట, వచ్చిన పండితునిచే మాటలాడించుట, ఆపై వాదోపవాదములు, ఇవి యన్నియు అందు భాగములు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు కాలినడకను, బండ్లపైనను, పడవలపైనను తిరిగి ఈ అలవాటును పల్లెలకు వ్యాపింపజేసిరి.

అయితే మనవంటివారికి, అనగా వేరొక రాజభాష గల సీమలో తెలుగును నిలుపుకొన గోరువారికి, కోస్తా జిల్లాల చరిత్రకంటె పూర్వపు హైదరాబాదు సంస్థాన చరిత్ర యెక్కువ దగ్గరది. అచట జనులలో పెక్కుమంది తెలుగువారే యైనను, కచ్చేరీలోను, పాఠశాలలోను ఉర్దూయే చెల్లుబడి యగుచుండెను. 1901లో కొందరు కలసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. నిలయము అను పేరు గమనింపుడు. భాషకు ఒక యిల్లు కావలెనని వారి భావము. ఇంటిలో మాటలాడుకొను తెలుగునకు ఇంటివెలుపల ఒక యిల్లు!

ఆ యవసరము ఎంతటిదో ఇరువది సంవత్సరముల పిదప తేటతెల్లమైనది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరునందు కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగినది. ఇతర భాషలలో జరిగిన ప్రసంగములను సభికులు మర్యాదగా ఆలకించిరి. ఆలంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ నారంభింపగా, పలువురు గేలిచేసి, అల్లరిచేసి, ఆయనను సాగనీయరైరి. ఆయన చెప్పినది తప్పని కాదు; చెప్పిన భాషయే వారికి సభకు తగనిదిగా తోచినది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు ఒకచోట గుమిగూడి ఆంధ్రజన సంఘమును ఏర్పరచిరి. గ్రంథాలయములు, పాఠశాలలు, సభలు దాని పనులైనవి. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ ఆ విత్తనపు మొలకయే.

విద్యార్థులారా, ఈ కథను మన స్థితితో పోల్చి చూడుడు. మనలను నేడు ఎవరును గేలిచేయుట లేదు. తమిళము మన రాష్ట్రభాష. అది సంపన్నమైన భాష. దానిని నేర్చుట మనకు లాభము. 2006లో చేయబడిన తమిళ అభ్యసన చట్టముచే, ఆ విద్యా సంవత్సరమున ఒకటవ తరగతితో మొదలై, తరగతికొక యేడు చొప్పున తమిళము అన్ని బడులలో తప్పనిసరి పాఠమైనది. మరి అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. ఈ రెండింటి నడుమ జరిగిన న్యాయవాదములు తల్లిదండ్రు లెరిగినవే. వానిని ఇచట విస్తరింప బనిలేదు. నేను చెప్పగోరినది వేరు. చట్టమెట్లున్నను, తెలుగు మన పిల్లలకు రెండుచోట్లనే మిగిలినది: ఇంటిలో అమ్మతో, బడిలో వాచకముతో. ఇంటి తెలుగు అన్నము, నీళ్లు, పశువులు, పొలము, చుట్టములను దాటదు. వాచకపు తెలుగు పరీక్షను దాటదు. ఒక నవలలోని మనిషి యట్లేల చేసెను, ఒక చిత్రములోని దృశ్యము మనస్సును ఎందుకు కలచివేసెను, ఊరిచెరువు ఎందుకు ఎండినది అను విషయములను పదిమంది యెదుట తెలుగున తర్కించు మూడవ చోటు మనకు లేదు. అట్టి చోటు లేనందున, బుద్ధిమంతుడగు పిల్లవాడు గంభీరమైన సంగతి రాగానే తమిళమునకో ఆంగ్లమునకో మారిపోవును. అది వాని తప్పు కాదు. ఆ పనికి తెలుగును వాడగా వాడెన్నడును చూచియుండలేదు.

2024 జూనులో కృష్ణగిరి లోకసభ సభ్యుడుగా ఎన్నికైన కె. గోపీనాథ్ పార్లమెంటున తెలుగులో ప్రమాణ స్వీకారము చేసినప్పుడు మన గ్రామములలో పలువురు సంతోషించిరి. సంతోషింపదగినదే. కాని ప్రమాణము ఒక్క నిమిషపు పని. నెలకొక సాయంకాలము రెండు గంటలసేపు తెలుగున ఆలోచించు చోటు అంతకంటె కష్టమైనదియు, మన చేతిలో నున్నదియు.

ఇంకొక అడ్డంకి కలదు. దానిని దాచక చెప్పవలెను. మన పిల్లలు సభలో తెలుగు మాటలాడుటకు సిగ్గుపడుదురు. బెజవాడ తెలుగు, పత్రికల తెలుగు, చలనచిత్రముల తెలుగు విని, తమ మొరసునాటి పలుకుబడి తప్పు తెలుగని వారు నమ్మినారు. ఈ నమ్మకమును పోగొట్టుటకు వ్యాకరణోపన్యాసము పనికిరాదు. తన యూరి మాటలతో గ్రంథము వ్రాసి పేరుపొందిన రచయితను ఎదుట కూర్చుండబెట్టి, ఆయన నోట ఆ మాటలను వినవలెను. మన పొరుగున నున్న చిత్తూరు సీమనుండి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన పల్లె మాటలోనే కథలు వ్రాసి తెలుగువారి నందరిని నవ్వించి, యేడ్పించెను. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలను వ్రాసెను. ప్రళయకావేరి యనగా పులికాటు సరస్సునకు తెలుగువారి పాత పేరు. తమిళనాటి అంచున నున్న ఆ సరస్సు దీవులవారి తెలుగు ఆ కథలయందు యథాతథముగా నిలిచినది. హోసూరు, కుప్పము, కోలారు వైపుల కథకుల రచనలతో మొరసునాడు కథలు అను సంపుటము కూడ వెలువడినది. అందలి మాటలను మన అవ్వలు నిఘంటువు లేకయే చదువగలరు. నగరవాసులకే పదార్థసూచిక కావలసియుండును!

మన ప్రాంతమున రచయితలెక్కడ యను ప్రశ్న వచ్చును. ఇట్టి ప్రశ్న తెలంగాణమునకును ఒకప్పుడు ఎదురైనది. అచట కవులు లేరని యొకరు వ్రాయగా, సురవరం ప్రతాపరెడ్డి వాదింపక, 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. పిలిచినచో పలుకువారు కనబడుదురు.

పిలువబడు రచయిత తెలుగున వ్రాయువాడే కానక్కరలేదు. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామమున తెలుగు మాతృభాషగా పుట్టిన కి. రాజనారాయణన్ తమిళమున వ్రాసెను. తెలుగువారు దక్షిణమునకు వలస వచ్చి యూరు కట్టుకొన్న కథను గోపల్లగ్రామమను నవలగా 1976లో ప్రకటించెను. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 2021లో ఆయన మరణించెను. ఆయనవంటి రచయిత మన బడికి వచ్చి తమిళమున మాటలాడినచో, మన పిల్లలు తెలుగున ప్రశ్నించినచో, ఇరువురికిని అర్థమగును. దుబాసి యక్కరలేదు. కన్నడ రచయిత వచ్చినను హోసూరు పిల్లలకు చిక్కులేదు. ఇట్టి సౌకర్యము బెజవాడ బడికి లేదు, మధుర బడికి లేదు. మూడు భాషల కూడలిలో నుండుటను మనము ఎల్లప్పుడు కష్టముగానే చెప్పుకొనుచున్నాము.

ఇక గోష్ఠి నడచు తీరు. రచయిత వచ్చుటకు రెండు వారముల ముందే ఆయన కథ యొక్కటి, పెద్దది కానిది, తరగతిలో చదువబడవలెను. కథ చదువని సభలో గోష్ఠి సాగదు. మరల ఉపన్యాసమే యగును. సంభాషణ నడపు వ్యక్తి రచయితకంటె తక్కువ మాటలాడవలెను. ఈ నియమము చిన్నదిగా కనబడును గాని దీనిని పాటించువారు అరుదు. తన పాండిత్యమును చూపగోరు పెద్దవారిని ఈ స్థానమున కూర్చుండబెట్టరాదు. పదవ తరగతి చదువరియైన విద్యార్థియో, తెలుగు ఉపాధ్యాయినియో మేలు.

ప్రశ్నయందే అసలు విద్య యున్నది. మీకు వ్రాయవలెనని ఎందుకు తోచినది, యువతరమునకు మీ సందేశమేమి అను ప్రశ్నలను రచయితలు వందసార్లు వినియుందురు. వందసార్లు చెప్పిన జవాబే చెప్పుదురు. కథలోని ఒక చోటును వేలుపెట్టి చూపి అడిగినచో రచయిత ఒక్క క్షణ మాగును. ఆ ముసలమ్మ ఆవును అమ్మివేసిన తరువాత దూడను ఎందుకు ఉంచుకొన్నది? ఈ పాత్రకు పేరెందుకు పెట్టలేదు? కడపటి పుటలో వాన కురియనిచ్చినారు, అది లేకున్న కథ చెడునా? ఇట్టివానికి సిద్ధముగానున్న జవాబు ఉండదు. రచయిత అప్పటికప్పుడు ఆలోచించుటను పిల్లలు కన్నులార చూతురు. వ్రాసినది దేవవాక్యము కాదని, కొట్టివేతలతోను, సందేహములతోను ఒక మనిషి చేసిన పని యని వారికి తెలియును. రచయితతో విభేదించుటయు తప్పుకాదు. మీరు వ్రాసినట్లు మా యూరిలో జరుగదు అని ఒక పిల్లవాడు వినయముగా చెప్పినచో, మంచి రచయిత కోపింపడు. మరి మీ యూరిలో ఎట్లు జరుగునో చెప్పుమని అడుగును.

ప్రశ్నించువారు స్వీయచరిత్ర చెప్పరాదు. ప్రశ్న రెండు వాక్యములలో ముగియవలెను. ఈ నియమము పెద్దవారి కొరకే గాని పిల్లలకు అక్కరలేదు. పిల్లల ప్రశ్నలు సహజముగనే పొట్టివి. మొదటి మూడు ప్రశ్నలు విద్యార్థులవే యని ముందుగనే ప్రకటించుట మంచిది. పెద్దలు ఒకసారి మైకు అందుకొన్న పిదప అది తిరిగి రాదు.

చలనచిత్ర దర్శకునితో గోష్ఠి కొంత భిన్నమైనది. రచయిత ఒంటరిగా పనిచేయును. చిత్రమున అనేకుల చేతులుండును: కథ యొకరిది, మాటలు ఒకరివి, ఛాయాగ్రహణము, కూర్పు, సంగీతము వేరువేరు వారివి. అందుచేత ఇది మీరెందుకు చేసినారు అను ప్రశ్నకు దర్శకుడు కొన్నివేళల, అది నేను చేసినది కాదు, ఆనాడు మబ్బు పట్టినది, వెలుతురు చాలక అట్లు తీసితిమి అని చెప్పును. కళలో ఎంత భాగము ఆలోచన, ఎంత భాగము డబ్బు, ఎంత భాగము వాతావరణము అను సంగతి ఇట్లు తెలియును. ఇంకొక భేదము: పుస్తకమును ఎవరికివారు చదివి రావచ్చును, చిత్రమును అందరు కలసి చూడవలెను. చూచిన వెంటనే, దీపములు వెలిగిన వెంటనే, మాటలాడవలెను. ఈ పద్ధతిని మన దేశమున స్థిరపరచినవి ఫిలిం సొసైటీలు. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు 1947లో కలకత్తాలో ఒక సొసైటీని నెలకొల్పిరి. పథేర్ పాంచాలి అప్పటికి ఎనిమిది సంవత్సరముల దూరమున నున్నది. అనగా రాయ్ చిత్రములు తీయుటకు ముందు చూచుటయు, తర్కించుటయు నేర్చెను. 1959లో ఇట్టి సంఘములన్నియు సమాఖ్యగా నేర్పడినవి. మనకు నలువది కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరులో సుచిత్ర ఫిలిం సొసైటీ 1971లో ఆరంభమైనది. చిత్రప్రదర్శనము, తదుపరి చర్చ దాని సంప్రదాయము.

మన హోసూరు గోష్ఠికి తొలి చిత్రముగా దేనిని ఎన్నుకొనవలెనని యడిగినచో, నా జవాబు సిద్ధముగా నున్నది. హోసూరు సమీపమున తొరపల్లి గ్రామము కలదు. 1878 డిసెంబరు 10వ తేదీన చక్రవర్తి రాజగోపాలాచారి అచట జన్మించెను. ఆయన రాజకీయములు అందరెరిగినవే. ఆయన కథారచయిత యను సంగతి మన పిల్లలలో కొందరికే తెలియును. దిక్కట్ర పార్వతి యను తమిళ కథను ఆయన వ్రాసెను. దిక్కట్ర యనగా మన తెలుగున దిక్కులేని. కల్లుసారాయములు ఒక పేద సంసారమును ఎట్లు కూల్చివేయునో అందలి వస్తువు. ఇది ఊహాపోహల కథ కాదు. ఆయన మద్రాసు ప్రధానమంత్రిగా నున్నప్పుడు 1937లో మద్యనిషేధమును మొట్టమొదట అమలుపరచినది సేలము జిల్లాలో. ఆనాడు హోసూరు ఆ జిల్లాలోనిదే. 1972 డిసెంబరులో రాజాజీ మరణించెను. 1974లో ఆ కథ చలనచిత్రముగా వెలువడినది. దర్శకుడెవరు? నెల్లూరు సీమవాడును, మన తెలుగువాడును నగు సింగీతం శ్రీనివాసరావు. సంగీతము కూర్చినది తెలుగువాడే, వీణ చిట్టిబాబు. లక్ష్మి, శ్రీకాంత్ ప్రధాన పాత్రధారులు. చిత్రమును తీసినది మద్రాసు స్టూడియోలలో కాదు, రాజాజీ పుట్టిన తొరపల్లి గ్రామముననే! ఉత్తమ తమిళ చిత్రముగా దానికి జాతీయ బహుమానము లభించినది.

తమిళ కథ, తెలుగు దర్శకుడు, మన తాలూకాలోని వీధులు. ఈ మూడును కలసిన చిత్రము మరొకటి ఉన్నట్లు నే నెరుగను. తొరపల్లి పరిసరముల పిల్లలు దానిని చూచునప్పుడు, ఆ చెట్టు నేటికిని ఉన్నదా, ఆ యిండ్లలో ఏవి నిలిచినవి, ఆ పొలములు ఏమైనవి అని గుర్తుపట్టుట తోనే చర్చ మొదలగును. అర్ధశతాబ్దమునకు పూర్వపు హోసూరు సీమ, కార్ఖానాలు ఇంతగా పెరుగక ముందటిది, తెరపై కనబడును. గ్రామమునందలి వృద్ధులను అతిథులుగా పిలువవచ్చును. దర్శకుడు రాలేకపోయినను చిత్రమునకు సాక్షులు వారే. మన పిల్లలు అడుగదగిన ప్రశ్నలు ఎన్నియో కలవు. రచయిత గతించిన పిదప అతని కథను మార్చు స్వాతంత్ర్యము దర్శకునకు ఎంత? తెలుగువాడు తమిళ పల్లెను చూపునప్పుడు మాటల యాసను ఎట్లు సరిచూచుకొనెను? మద్యము చెడ్డదని చెప్పు కథ ప్రచారముగా మారక కళగా నిలుచుటకు ఏమి చేయవలెను?

సింగీతం శ్రీనివాసరావు యౌవనమున సూళ్లూరుపేటలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, తాను వ్రాసిన నాటకములను విద్యార్థులచే వేయించెను. పిమ్మట మాయాబజారు దర్శకుడగు కె.వి. రెడ్డి వద్ద పని నేర్చెను. 1987లో ఒక్క సంభాషణ యైన లేని చిత్రమును బెంగుళూరులో తీసెను. దానిని మనము పుష్పక విమానమందుము. మూడు భాషల పిల్లలును ఒక్కసారి నవ్వగల చిత్ర మది. రెండవ నెలకు దానిని ఉంచుకొనవచ్చును. మాటలు లేని చిత్రమునకు కథను కాగితముపై ఎట్లు వ్రాయుదురు అని ఒక బాలుడు అడిగినచో, తక్కిన సాయంకాల మంతయు ఆ ప్రశ్నపైననే గడచును.

తల్లిదండ్రులకు రెండు మాటలు. తెలుగు మాధ్యమ తరగతులలో పిల్లలు పలుచబడుచున్నారని మీకు తెలియును. చదువు చెడునేమో, మార్కులు తగ్గునేమో, ఉద్యోగము దొరకదేమో యను భయము న్యాయమైనదే. దానిని నేను పరిహసింపను. కాని నెలకు ఒక శనివారము సాయంకాలము, అయిదు గంటలనుండి ఏడు గంటలవరకు, దీనివలన చెడు చదువు లేదు. నూరుమంది నడుమ లేచి, మైకు పట్టుకొని, రెండు వాక్యములలో ప్రశ్న అడిగిన బాలిక రేపు ఏ భాషలో ఏ ఉద్యోగపు ప్రశ్నలకైన జవాబు చెప్పుటకు బెదరదు. మీరును రండు. అమ్మలు తప్పక రావలెను. కథలోని పశువుల సంగతి, పంటల సంగతి, పుట్టింటి సంగతి తప్పుగా వ్రాయబడినచో పట్టుకొనగలవారు వారే.

వ్యయము స్వల్పము. బడిలోని పొడవైన గది చాలును. రెండు కుర్చీలు, జంపఖానాలు, ఒక మైకు, కూజాలో నీళ్లు. చిత్రమునకు ప్రొజెక్టరును, తెల్లని దుప్పటియు. ప్రదర్శించుటకు హక్కుదారుల యనుమతిని మాత్రము ముందుగా వ్రాసి తెచ్చుకొనవలెను. అతిథికి శాలువ బదులు బస్సు చార్జీలును, ఒకరి యింట భోజనమును. ఆయన పుస్తకములు నాలుగు ప్రతులు బడి గ్రంథాలయమునకు కొనుట శాలువకంటె ఆయనకు సంతోషము కలిగించును. జరిగిన ప్రశ్నోత్తరములను ఇద్దరు విద్యార్థులు వ్రాసికొని, మంచివానిని ఈ పత్రికకు పంపవచ్చును. అతిథి ఏమి చెప్పెనో యను దానికంటె, ఎవరు ఏమి అడిగిరో యను దానిని ముందు వ్రాయుడు. అడిగినవారి పేరు, తరగతి, ఊరు మరువకుడు.